ఒకే జబ్బుకు నాలుగు అంకెలు: మీ పనికి ఏ లెక్క పట్టుకోవాలి?

థీసిస్ ప్రోటోకాల్ గడువు వారం రోజుల్లోకి వచ్చిందంటే పీజీలు ఒక్కొక్కరే నా గదికి వస్తారు. చేతిలో ల్యాప్‌టాప్, అందులో ఐదారు పేపర్లు తెరిచి ఉంటాయి. అడిగేది మాత్రం ఒకటే: "మేడమ్, పీ ఎంత వేయమంటారు?"

శాంపిల్ సైజుకు మన దగ్గర దాదాపు అందరూ వాడే సూత్రం నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే ఆ జబ్బు నూటికి ఎంతమందిలో ఉందని ఇంతకుముందు తేలిందో ఆ శాతం. వందలోంచి అది తీసేస్తే మిగిలింది క్యూ. ఎంత తేడా వచ్చినా పరవాలేదనుకుంటామో అది డీ. చాలామంది పీలో ఐదో వంతు వేస్తారు. సూత్రంలో చిక్కేమీ లేదు. చిక్కంతా ఆ పీ ఎక్కడినుంచి తెస్తామన్నదే.

ఒకమ్మాయి పిల్లల్లో రక్తహీనత మీద పని మొదలుపెట్టింది. ఆమె దగ్గర రెండు అంకెలున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత 67 శాతం. 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం. రెండూ కేంద్ర ఆరోగ్య శాఖ ఆధ్వర్యంలో జరిగినవే. 67 వేస్తే 50 మంది పిల్లలు చాలు. 41 వేస్తే 144 మంది కావాలి. గడువు నెత్తిమీద ఉన్నప్పుడు చెయ్యి ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టలేదు. ఒక సర్వేకూ ఇంకోదానికీ తేడా ఏమిటో ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ పని ఇక్కడ చేద్దామని నా ప్రయత్నం. థీసిస్ రాసేవారికే కాదు, ఆరోగ్య వార్త రాసేవారికి, జిల్లాలో కార్యక్రమం నడిపేవారికి, ఇంట్లో ఎవరికో జబ్బు వచ్చి నెట్‌లో అంకెలు వెతికేవారికి కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా చూసుకోవాల్సినవి

చిన్నప్పుడు భిన్నాల లెక్కల్లో లవం, హారం నేర్చుకున్నాం. ఆరోగ్య గణాంకాల్లో మనం లవం వైపే చూస్తాం: ఎంతమందికి జబ్బు ఉంది, ఎంతమంది చనిపోయారు. నన్నడిగితే ముందు హారం చూడాలి. ఎవరిలోంచి ఎంచారు? ఆసుపత్రికి వచ్చినవాళ్లా, ఊళ్లో అందరూనా? ఇంటింటికీ తిరిగి ఉంటే తలుపు తీయనివాళ్లెందరు, వలస పోయినవాళ్లెందరు?

రెండోది, జబ్బు ఉందని ఎలా తేల్చారన్నది. వేలికొస రక్తమా, సిర నుంచి తీసిందా? పరగడుపున చూసిన షుగరా, ఎప్పుడో అప్పుడు చూసిందా? ఒక్కసారి పరీక్షా, మూడు నెలల తర్వాత మళ్లీ చూశారా?

మూడోది ఏ ఏడాది, ఏ వయసువాళ్లన్నది. ఇది అందరికీ తెలిసిందే, అయినా అందరూ మర్చిపోయేదీ ఇదే.

నాలుగోది అంకె పక్కన ఉండే అటూఇటూ, అంటే అసలు అంకె ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. అది లేకుండా ఒక్క అంకె మాత్రమే ఎక్కడైనా కనిపిస్తే, మూల నివేదిక తెరిచే దాకా ఆ అంకెను వాడకండి.

ఈ నాలుగింటితో మనకు దొరికే లెక్కలను పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| లెక్క | హారంలో ఎవరు | బలం | ఎక్కడ జారుతుంది |
|---|---|---|---|
| ఆసుపత్రి, కేంద్రాల లెక్క | అక్కడికి వచ్చినవాళ్లు | ఏటా, త్వరగా దొరుకుతుంది; పెరుగుతోందా తగ్గుతోందా చెబుతుంది | ఊరంతటి శాతం చెప్పలేదు |
| ఇంటింటి సర్వే | ఇళ్లలో ఉండే జనం | స్థాయి బాగా చెబుతుంది | ఇంట్లో దొరకనివాళ్లు, పరీక్ష పద్ధతి, అరుదైన జబ్బులు |
| రిజిస్ట్రీ, నమూనా నమోదు | ఒక ప్రాంతంలో నివసించే అందరూ | కొత్త కేసులు, మరణాలు | రిజిస్ట్రీ ఆ ప్రాంతం దాటితే మాట్లాడదు; నమూనా నమోదులో అరుదైన మరణాలకు ఒక్క ఏడాది చాలదు |
| మోడల్ అంచనా | ఉన్న డేటా అంతా కలిపి గణితంతో నింపిన జనాభా | డేటా లేనిచోట కూడా ఒక అంకె ఇస్తుంది | లోపలి ఊహలు బయటికి కనపడవు |

ఆసుపత్రి లెక్క: గుంటూరు నేర్పిన పాఠం

ఈ విషయంలో మన తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి ఉంది. దేశం మొత్తానికి అది పాఠమైంది. కొంచెం నిదానంగా చెప్తాను.

2000ల మొదట్లో హెచ్‌ఐవీ లెక్కలు సెంటినెల్ నిఘా నుంచి వచ్చేవి. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఏటా కొన్ని వారాలపాటు, పరీక్షలకు వచ్చిన గర్భిణులను వరుసగా 400 మంది దాకా తీసుకుని వాళ్ల రక్తం పేరు లేకుండా పరీక్షించేవారు. సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చేవారిని కూడా అలాగే. ఆ శాతాలను జనాభాకు హెచ్చవేసి జిల్లాకు ఇంత, రాష్ట్రానికి ఇంత అనేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో ఎక్కువ వ్యాప్తి ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉండేది.

అప్పుడు హైదరాబాద్ పరిశోధకుల బృందం ఒకటి గుంటూరు జిల్లాలో నేరుగా జనం దగ్గరికే వెళ్లింది. పల్లెలు, పట్టణాలు కలిపి 15–49 ఏళ్ల వాళ్లు 12,617 మంది రక్తపు చుక్క ఇచ్చారు. 2006లో ఫలితం అచ్చయింది: వ్యాప్తి 1.72 శాతం, అటూఇటూ 1.35 నుంచి 2.09 దాకా. దాన్ని జిల్లా జనాభాకు వర్తింపజేస్తే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు దాదాపు 45,900 మంది. అధికారిక సెంటినెల్ పద్ధతిలో అదే జిల్లాకు వచ్చిన లెక్క దాదాపు 1,12,600. రెండున్నర రెట్లు ఎక్కువ.

ఎవరూ దొంగ లెక్క రాయలేదు. ప్రైవేటు డాక్టర్లు హెచ్‌ఐవీ ఉందనో, అనుమానంగా ఉందనో తేలిన మనిషిని పెద్దాసుపత్రికి పొమ్మనడం అప్పట్లో మామూలు. కాన్పుకు వచ్చిన గర్భిణి అయినా అంతే. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చేది ఎక్కువగా పేదవాళ్లే, వాళ్లలో వ్యాప్తి ఎక్కువ. పైగా సుఖవ్యాధుల క్లినిక్కుల లెక్కను విడిగా కలిపేవారు. ఈ మూడూ చేరి హారాన్ని ఒక పక్కకు వంచేశాయి.

దేశమంతటా కూడా ఇదే తేలింది. మూడో విడత కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2005–06లో, మొదటిసారి లక్ష మందికి పైగా జనానికి హెచ్‌ఐవీ పరీక్ష చేశారు. 15–49 ఏళ్లవారిలో 0.28 శాతం వచ్చింది. అంతకుముందు 52 లక్షలు అనుకున్న దేశపు లెక్క 2007 జులైలో దాదాపు 25 లక్షలకు దిగింది. ఆ తగ్గుదలను "హెచ్‌ఐవీ సగమైపోయింది" అని చదివితే పొరపాటు. జబ్బు అలాగే ఉంది, మారింది లెక్క కట్టే పద్ధతి. అందుకే వెనకటి ఏళ్ల అంచనాలను కూడా కొత్త పద్ధతిలో తిరగరాశారు.

అలాగని ఆసుపత్రి లెక్క పనికిరానిదేం కాదు. అదే కేంద్రంలో, అదే పద్ధతిలో, ఏటా చేస్తే వంపు ఏటా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి దిశ తెలుస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో పరీక్షలకు వచ్చిన 15–24 ఏళ్ల గర్భిణుల్లో హెచ్‌ఐవీ 2000లో 1.7 శాతం నుంచి 2004కు 1.1 శాతానికి దిగిందని ఈ కేంద్రాల డేటాతోనే చూపించారు. స్థాయి చెప్పలేని లెక్కే దిశను చక్కగా చెప్పింది. ఆసుపత్రి డేటా చేతిలో ఉన్నవాళ్లు "మన జిల్లాలో ఇంత శాతం" అని రాయకుండా "మూడేళ్లుగా ఇటు పోతోంది" అని రాస్తే సగం తప్పులు రాకుండా పోతాయి.

ఇంటింటి సర్వే: చుక్క రక్తం దగ్గర ఏం జరుగుతుంది

ఊరంతటి శాతం కావాలంటే ఇంటింటి సర్వేను మించింది లేదు. నేను మొదట చెయ్యి పెట్టేదీ అక్కడే. కానీ పరీక్ష ఎలా చేశారో చదవకుండా ఆ అంకె తీసుకోకూడదు.

రక్తహీనతే చూడండి. కుటుంబ ఆరోగ్య సర్వేలో పిల్లవాడి వేలికొసన, మరీ పసిపిల్లలైతే మడమ దగ్గర, సూదితో గుచ్చుతారు. మొదటి చుక్కను తుడిచేయాలి. తర్వాత దానంతట అది ఉబికిన చుక్కను సన్నని ప్లాస్టిక్ పలకలోకి పీల్చి చిన్న మిషన్లో పెడితే హిమోగ్లోబిన్ అంకె వస్తుంది. అమ్మ ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటాడు, చుట్టూ నలుగురు మూగుతారు, చుక్క సరిగా రాదు. అప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే వేలిని పిండుతుంది. పిండితే రక్తంతోపాటు కణజాలంలోని నీరు కూడా వస్తుంది, రక్తం పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. ఒక్క బిడ్డ దగ్గర అది చిన్న తేడాయే. లక్షల మంది దగ్గర కొంచెం కొంచెం అటే ఒరిగితే శాతం బాగా కదులుతుంది.

సమగ్ర పోషకాహార సర్వేలో సిర నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చూశారు. 67కూ 41కీ తేడాలో పెద్ద భాగం ఇదేనని పోషకాహార నిపుణులు చాలామంది అంటారు. అంతా ఇదే కాదు; మొదటి సర్వేలో 6 నుంచి 11 నెలల పసివాళ్లు కూడా ఉన్నారు, ఏళ్లు కూడా వేరు. ఈ చర్చ వల్లే ఆరో విడత కుటుంబ సర్వేలో రక్తహీనత పరీక్షను పక్కనపెట్టి, సిర రక్తంతో చేసే డైట్ అండ్ బయోమార్కర్స్ సర్వేను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి: 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6–23 నెలల పిల్లలకు రక్తహీనత హద్దును 11 గ్రాముల నుంచి 10.5కు దించింది. హద్దు జరిగితే అదే రక్తంతో శాతం మారిపోతుంది.

షుగర్ విషయంలోనూ ఇంతే. కుటుంబ సర్వేలో తిన్నారా లేదా అని చూడకుండా ఆ క్షణంలో ఉన్న షుగర్ కొలుస్తారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మధుమేహం మీద చేసిన ఇండియాబ్ అధ్యయనంలో పరగడుపున చూసి, గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత మళ్లీ చూశారు. ఇండియాబ్‌లో 20 ఏళ్లు దాటినవారిలో మధుమేహం 11.4 శాతం. ఈ రెండింటినీ ఒక గ్రాఫ్‌లో పక్కపక్కన వేసి "పెరిగింది", "తగ్గింది" అని గీత గీయకండి. డయాబెటిస్ మీద థీసిస్ అయితే ఇండియాబ్ అంకె. జిల్లా జిల్లాకూ పోల్చి ఎక్కడ ముందు స్క్రీనింగ్ పెట్టాలో చూసుకోవాలంటే, పద్ధతి అన్ని జిల్లాల్లో ఒకటే కాబట్టి, కుటుంబ సర్వే.

ఇంటింటి సర్వేకు చేరనివాళ్లు ఎప్పుడూ ఉంటారు: హాస్టళ్లలో ఉండేవారు, వలస పోయినవారు, లారీ మీద తిరిగేవారు, రోడ్డు పక్క బతికేవారు, బయటికి చెప్పుకోలేని బతుకుతెరువు ఉన్నవారు. హెచ్‌ఐవీ ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు కూడా వీళ్లలో ఉంటారు. అందుకే 2007లో సర్వే చెప్పిన 0.28ను అలాగే ఉంచకుండా, నిఘా కేంద్రాల డేటా కూడా కలిపి 0.36 శాతమని తేల్చారు. రెండు లెక్కలూ ఒకదాని లోపం ఒకటి పూడ్చుకున్నాయి. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పని అది.

రిజిస్ట్రీలు, నమూనా నమోదు

క్యాన్సర్‌కు ఇంటింటి సర్వే పనికిరాదు; వెయ్యి ఇళ్లు తిరిగినా ఈ ఏడాది కొత్తగా వచ్చిన కేసులు చేతివేళ్లకు మించవు. దానికి జనాభా ఆధారిత రిజిస్ట్రీ కావాలి. రిజిస్ట్రీ సిబ్బంది ఒక ప్రాంతంలోని ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల రిజిస్టర్లు తిరిగి అక్కడ నివసించేవారి కేసులు మాత్రమే ఎంచుతారు. హైదరాబాద్‌కు అలాంటిదొకటి ఉంది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు, వయసు తేడాలు సవరించాక, హైదరాబాద్ జిల్లాలో లక్ష మంది స్త్రీలకు 48. దేశంలోని రిజిస్ట్రీల్లో అదే అన్నిటికన్నా ఎక్కువ. దాన్ని తెలంగాణ మొత్తానికి అంటగట్టకూడదు. నగరంలో పరీక్షలు దగ్గర, బయటపడేవీ ఎక్కువ. ఆసుపత్రి ఆధారిత రిజిస్ట్రీ అని ఇంకో రకం ఉంది, పేరు దగ్గరగా ఉండి పొరబడతారు. దాంతో రేటు లెక్కించలేం.

మాతృ మరణాలకు నమూనా నమోదు వ్యవస్థ, అంటే ఎస్‌ఆర్‌ఎస్. ఎంపిక చేసిన ప్రాంతాల్లో స్థానికంగా ఒకరు జననాలు, మరణాలు ఎప్పటికప్పుడు రాస్తారు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ విడిగా వచ్చి మళ్లీ రాస్తాడు. రెండూ సరిపోల్చి తేడా వచ్చినచోట మళ్లీ ఇంటికి వెళ్తారు. పని గట్టిదే. అయినా మాతృ మరణం అరుదు కాబట్టి మూడేళ్లు కలిపితేగానీ అంకె నిలవదు. 2018–20లో లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దీన్ని పట్టుకుని ఏ రాష్ట్రం ముందుందో అని వాదించుకోవడం చూశాను. రెండింటి అటూఇటూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రెండు మరణాల తేడాతో ఏమీ చెప్పలేం. కేరళ 19తో పోల్చేటప్పుడు కూడా ముందు అటూఇటూ చూసుకోవాలి.

మోడల్ అంచనా

డేటా లేనిచోట కూడా అంకె కావాలంటే మోడల్ తప్పదు. ప్రపంచ జబ్బుల భారం లెక్కలు కట్టే సియాటిల్ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, క్యాన్సర్‌కు గ్లోబోకాన్ ఇలాంటివి ఇస్తాయి. వీటిని చదవడంలో ఎక్కువ పొరపాటు జరిగింది కోవిడ్ దగ్గర. 2020, 2021 రెండేళ్లకు భారత్‌లో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు దాదాపు 4.8 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అదనపు మరణాల అంచనా 47 లక్షలు, అటూఇటూ 33 నుంచి 65 లక్షలు. ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. నా అభిప్రాయంలో పాఠకుడు ముందు తెలుసుకోవాల్సింది ఈ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావన్నది. మొదటిది కోవిడ్ అని రాసుకున్న మరణాల లెక్క. రెండోది ఏ కారణంతోనైనా సరే, మామూలుగా ఆ ఏళ్లలో చనిపోయేవారికన్నా ఎంతమంది ఎక్కువ పోయారన్న అంచనా. ఇంత వెడల్పు అటూఇటూ ఉన్నప్పుడు మధ్య అంకెను ఒక్కదాన్నే హెడ్డింగ్‌లో పెట్టడం అన్యాయం.

పరిశోధన చేసేవారికి ఇంకో గోతి ఉంది. మోడల్ డేటా లేని జిల్లాకు అంకె వేయాలంటే ఆదాయం, చదువు లాంటివాటి ఆధారంగా ఊహిస్తుంది. మీరు ఆ అంకె తీసుకుని "ఆదాయం తగ్గితే జబ్బు పెరుగుతోంది" అని తేల్చారనుకోండి, తేలింది జిల్లా సంగతి కాదు, మోడల్ లోపల పెట్టిన ఊహే మళ్లీ బయటికొచ్చింది. అలాగే సియాటిల్ సంస్థ కొత్త విడత ఇచ్చినప్పుడల్లా 1990 నుంచి ఏళ్లన్నీ తిరిగి లెక్కిస్తుంది. పాత విడత నుంచి ఒక ఏడాది, కొత్త విడత నుంచి ఒక ఏడాది తెచ్చి పక్కన పెట్టకండి.

మీరు ఎవరైతే ఏది

థీసిస్ పీజీలకు: మీరు చేయబోయే పరీక్షా, మీరు తీసుకునే వయసూ ఏ అధ్యయనానికి దగ్గరగా ఉన్నాయో ఆ పీ వేయండి. పీహెచ్‌సీలో సిర రక్తం తీసి ల్యాబ్‌కు పంపేట్టయితే 41 వైపు. ఎటూ తేల్చుకోలేకపోతే ఎక్కువ శాంపిల్ వచ్చే అంకె వేయండి. శ్రమ పెరుగుతుంది, కానీ వైవాలో నిలబడతారు. మీ అధ్యయనం ఓపీకి వచ్చేవారి మీదైతే మాత్రం ఇంటింటి సర్వే పీ వద్దు, మీలాంటి ఇంకో ఆసుపత్రి అధ్యయనమే సరి.

జిల్లాలో కార్యక్రమం నడిపేవారికి: మందులు, కిట్లు ఎన్ని కావాలో తేల్చడానికి సర్వే శాతం, నెలనెలా పని ఎలా సాగుతోందో చూడ్డానికి మీ కేంద్రాల లెక్క. మొదటిదానికి రెండోది వాడితే గుంటూరు కథే. రెండోదానికి మొదటిది వాడితే తర్వాతి సర్వే వచ్చేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నట్టే.

వార్త రాసేవారికి: అంకె మారినప్పుడు ముందు పద్ధతి మారిందా అని ఒక ఫోన్ చేయండి. 52 లక్షలు 25 లక్షలైన రోజున ఆ ఒక్క ప్రశ్న చాలు, శీర్షిక మారిపోయేది.

ఇంట్లో జబ్బుతో టెన్షన్ పడుతూ వెతికేవారికి: పెద్దాసుపత్రి నుంచి వచ్చిన పేపర్లోని మరణాల శాతం చూసి గుండె జారనివ్వకండి. అక్కడికి చేరేది ముదిరిన కేసులే ఎక్కువ. మీ డాక్టర్‌ను "ఈ దశలో, ఈ వయసువాళ్లలో ఎలా ఉంటుంది?" అని అడగండి. ఆ జవాబే మీది.

చివరికి ఆ అమ్మాయి తన ప్రోటోకాల్‌లో ఇలా రాసింది: "2016–18లో సిర రక్తంతో చేసిన జాతీయ సర్వేలో 1–4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతం; మేమూ అదే వయసు పిల్లల్లో, సిర రక్తంతోనే పరీక్షిస్తాం; పీలో ఐదో వంతు తేడాకు లెక్కిస్తే 144, పదో వంతు మంది రాకపోవచ్చని 160 మందిని తీసుకుంటాం." ఎథిక్స్ కమిటీలో శాంపిల్ సైజు మీద ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు.